అడ్డగాలి

గచ్చు మీద మూడు కాగితాలు పరిచాను.
ఎగిరిపోకుండా ఒక్కోదాని మీద ఒక్కో సీసం గుండు,
నాన్న వలకి కట్టేవి.
వంశధార సముద్రంలో పడే మూల నించి
సాయంత్రం గాలి వచ్చి
కాగితాల అంచులు లేపి చూసి పోతోంది,
దానికీ ఏదో చెప్పాలనున్నట్టు.

పేర్లు నేనే పెట్టుకున్నాను.
మంచు ఊరు, చెరుకు ఊరు, సముద్రం ఊరు.
నాలుగోది, నల్లరేగడి ఊరు,
అలకి ఏడొందల కిలోమీటర్ల దూరం. దాన్ని చాప కిందకి తోసేశాను.

మంచు ఊళ్లో ఫీజు తక్కువ.
మార్గశిరం నించి మాఘం దాకా మాత్రం
పొద్దున పదింటి వరకూ రన్‌వే కనపడదట.
రెండు వందల గంటలు ఎగరాలి నేను.
మంచు ఎప్పుడు విడుస్తుందా అని
టీ తాగుతూ కూర్చున్న గంటలు
లాగ్‌బుక్కులో రాయనివ్వరు.

చెరుకు ఊరికి ఫోన్ చేశాను.
"పదకొండు విమానాలున్నాయండీ!"
"ఎగిరేవెన్ని?"
అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు.
"...నాలుగు."

నాన్న వినేశాడు. నవ్వలేదు.
"ఒడ్డునున్న తెప్పలన్నీ ఏటకెల్తాయేటి?
రంగు సూసి లెక్కెట్టకు.
అడుగు తడిసినవెన్నో అడుగు."
ఈ ముక్క నాకు
విశాఖపట్నంలో ఐదు వేలు తీసుకున్న
టై కట్టుకున్నాయన చెప్పలేదు.

ఎండుచేపల గంప దించి అమ్మంది:
"హాస్టల్లో నీసు దొరుకుతాదా? అది ముందడుగు."
అడిగాను. దొరకదు.
అమ్మ వరకూ చెరుకు ఊరు
అప్పుడే మునిగిపోయింది.

మిగిలింది సముద్రం ఊరు.
మొదట్నించీ నా మనసు దాని మీదే, దాచానంతే.
రన్‌వే చివర ఇసుక, ఇసుక చివర అల,
లేచిన రెండో నిమిషానికి కింద అంతా నీలం.
కళింగపట్నం లైట్‌హౌసు కింద పుట్టిన
సూరాడోళ్ల పిల్లకి ఇంకేం కావాలి?
నాన్నా అదే అంటాడనుకున్నాను.

"రన్‌వే ఎటు పడుకుంది?"
"తూర్పూ పడమరా."
తడి వేలితో గచ్చు మీద ఒక గీత గీశాడు,
వల కుట్టే సూదిని దానికి అడ్డంగా పెట్టాడు.
"ఏసవి మజ్జానాలు గాలి దక్షిణం నించొత్తాది. అడ్డగాలి.
నానైతే పడవ ముక్కు కూసింత గాలేపు తిప్పి
పక్కపక్కనే ఒడ్డుకి తెత్తాను. మరి నువ్వో?"
"నేనూ అంతే నాన్నా. దాన్ని క్రాబ్ అంటారు."
"ఏటీ?"
"పీత."
అప్పుడు నవ్వాడు,
పొగాకు పళ్లన్నీ కనపడేలా,
పక్కింటి కోనాడ దాలమ్మ గోడ మీంచి చూసేలా.
"పీత నడక నేర్పడానికి నలబై లచ్చలా!"

నవ్వు ఆగింది.
గచ్చు మీద గీత ఆరిపోయేదాకా చూస్తూ ఉన్నాడు.
"సముద్రం ఊరొద్దు."
"ఏం?"
"అదీ ఈ నీళ్లే. ఆ గాలి నాకు తెలుసు.
తెలిసిన గాలిలో నువ్వు పైకెల్తే
ఇక్కడ అది తాటాకులో ఈలేసినప్పుడల్లా
నాను లెగిసి కూకుంటాను.
నాకు తెలీని గాలిలో ఎగురు.
రెండేళ్లు నన్ను తొంగోనీ."

నా దగ్గర జవాబులున్నాయి.
గాలి వేగం పట్టికలున్నాయి, ఏడాదికి ఎన్ని ఎగిరే రోజులో
నెలవారీ లెక్కలున్నాయి.
నిద్ర అనే గడి వాటిలో లేదు.

సముద్రం ఊరి మీంచి గుండు తీశాను.
కాగితం కదల్లేదు.
గాలి ఎప్పుడు పడిపోయిందో
మా ఇద్దరిలో ఎవరూ గమనించలేదు,
గమనించడమే పనిగా బతికే ఇంట్లో.

తెల్లారగట్ల మూడింటికి
భుజాన వలతో గుమ్మంలో ఆగాడు.
"ఆ సాప కిందది... అది ఎటు పడుకుంది?"
"ఇంకా అడగలేదు నాన్నా."
"అడుగు."
రెండడుగులేసి మళ్లీ అన్నాడు,
"ఎగిరేవెన్నో ముందడుగు."

పొద్దున ఫోన్ చేస్తాను.
సముద్రం ఊరి కాగితం మాత్రం
నాలుగు మడతలు పెట్టి
లెక్కల పుస్తకంలో దాచాను. చింపలేదు.